గోస్తనీ నీళ్ల వెంట మూడు రోజులు

ఇంటికొచ్చి రెండు రోజులే అయింది. బూట్లకి పట్టిన ఎర్రమట్టి ఇంకా పూర్తిగా వదల్లేదు. కొన్ని మాటలు చెవిలో ఇంకా అలాగే ఉన్నాయి, అవి పోకముందే రాసుకుందామని కూర్చున్నాను.

మాది డిగ్రీ రెండో సంవత్సరం, జియాలజీ. ఇరవై రెండు మందిమి, మాతో ఒక సార్, ఒక మేడం. దాదాపు అందరం విశాఖలో పుట్టి పెరిగినవాళ్లమే. అరకు చూడనివాళ్లు మాలో ఎవరూ లేరు. కానీ కటికి జలపాతం చూసినవాళ్లు ఎంతమంది అని అడిగితే నాలుగు చేతులే లేచాయి. బొర్రా గుహల దాకా వెళ్లినవాళ్లు కూడా జీపెక్కి, దిగి, మళ్లీ నడవాలంటే బద్ధకించి వెనక్కి వచ్చేస్తారు. ఈసారి ముందు కటికి, ఆ తర్వాతే మిగతావి అని గట్టిగా అనుకున్నాం. తలకి 2,800 రూపాయలు వేసుకున్నాం. మా నాన్నగారు డబ్బులైతే వెంటనే ఇచ్చారు, ఒప్పుకోడానికి మాత్రం మూడు రోజులు తీసుకున్నారు.

మొదటి రోజు: కొండెక్కే రైలు

పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్. నవంబరు చివరి వారం కావడంతో కొత్తవలస దాటేదాకా కిటికీ బయట అంతా మంచే. శృంగవరపుకోటలో గారెలు తిన్నాం. కాగితంలో నాలుగు గారెలు, పైన పల్చటి కొబ్బరి చట్నీ, 40 రూపాయలు. చట్నీ కాగితం దాటి ఒళ్లోకి కారింది కానీ ఆ వేడికి, ఆ చలికి బాగా కుదిరింది. ఒక ముసలామె బుట్టలో సీతాఫలాలు తెచ్చి మా పక్కనే కింద కూర్చుంది. బేరం ఆడబోయిన మా క్లాస్‌మేట్‌తో ఒకటే మాట అంది: “కొండ దిగి మోసుకొచ్చేను బాబూ.” వాడు ఇంకేం మాట్లాడకుండా డజను తీసుకున్నాడు.

బొడ్డవర దాటాక రైలు ఊపిరి బిగబట్టి ఎక్కుతున్నట్టు ఉంటుంది. ఈ లైనులో 58 సొరంగాలు అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ప్రతి సొరంగంలోనూ పెట్టె మొత్తం అరవడం ఇక్కడి ఆచారం. చంటిపిల్లలు, ముసలివాళ్లు, టీ అమ్మే కుర్రాడు, అందరూ అరుస్తారు. మా మేడం కూడా అరిచారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. ఎదురుగా గూడ్సు వస్తే మన రైలు పక్కకి తప్పుకుని నిలబడుతుంది. చిమిడిపల్లి దగ్గర అలా ఆగినప్పుడు లోయలోంచి నీళ్ల చప్పుడు వినిపించింది. ఏ గెడ్డో కనబడలేదు. మా ఉత్తరాంధ్రలో వాగుని గెడ్డ అంటాం.

కటికి: దారి తప్పిన ఆరుగురం

బొర్రా గుహల దగ్గర జీపులు వరసగా ఉంటాయి. ఎనిమిది మందికి ఒకటి చొప్పున మాకు మూడు కావాలి. జీపుకి 1,500 అడిగారు. సార్ 1,300కి దించారు, అక్కడ రెండు గంటలు ఆగాలని కూడా మాట తీసుకున్నారు. మా డ్రైవరు నవ్వి, “రోడ్డు చూసేక మీరే ఇంకో వంద ఇత్తారు సార్” అన్నాడు. నిజంగానే ఇచ్చాం. అది రోడ్డు కాదు, రాళ్లు పరిచిన వాగు. ఒక మలుపులో జీపు ఎంత ఒరిగిందంటే మేమంతా అవతలి వైపుకి వాలి కూర్చున్నాం, మా బరువుతోనే అది నిలబడాలన్నట్టు. డ్రైవరు మాత్రం ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ పేరు పెట్టి పలకరిస్తూనే ఉన్నాడు.

జీపు ఆగాక నడక. అందరికంటే వెనకపడ్డ ఆరుగురిలో నేనూ ఒకదాన్ని. దారి పక్కన కాఫీ మొక్కలకి ఎర్రగా పండిన కాయలు కనబడ్డాయి. పండిన కాఫీ కాయ తొక్క తియ్యగా ఉంటుందని ఎవరో అంటే ఆగి చూశాం. తియ్యగానే ఉంది. తలెత్తేసరికి ముందున్నవాళ్లు లేరు. దారి రెండుగా చీలింది. బాగా నలిగిన దారి పట్టుకున్నాం. నలిగిన దారి జలపాతానికే వెళ్తుందనుకున్నాం. అది ఊరివాళ్ల దారి, ఊళ్లోకే తీసుకెళ్లింది.

పది గడపలు ఉంటాయేమో. ఒక ఇంటి అరుగు మీద ఒక మామ్మ అడ్డాకులతో విస్తళ్లు కుడుతోంది. ఒడిలో ఆకుల కట్ట, పక్కన సన్నగా చీల్చిన వెదురు పుల్లలు. ఆకు మీద ఆకు పెట్టి, పుల్ల గుచ్చి, విరిచి, మళ్లీ గుచ్చడం. మమ్మల్ని చూసి చెయ్యి ఆపలేదు.

“ఏటి గుంటలూ, నీళ్ల కాడికా? దారి తప్పి వచ్చేసేరు. ఆ చింతచెట్టు కాడ కుడి పక్కకి తిరగాల.”

మాకు దాహంగా ఉందని అడక్కుండానే ఆమెకి తెలిసిపోయింది. లోపల్నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. సీసా నీళ్లకి అలవాటుపడ్డ మా స్నేహితురాలు ఒకతె క్షణం తటపటాయించింది. మామ్మ అది గమనించి, “మంచి నీళ్లేనమ్మా. పైన ఊట కాడ నుంచి పైపు ఏసేరు” అంది. దాంతో మా స్నేహితురాలూ తాగింది. పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి.

అప్పుడు మామ్మ అడిగింది: “మీ ఊల్లో ఏ నీళ్లు తాగుతారు?”

“కుళాయి నీళ్లు మామ్మా.”

“ఆ కుళాయిలోకి ఏ గెడ్డ నీళ్లు?”

ఆరుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నదులు కొండల్ని ఎలా కోస్తాయో పరీక్షల్లో పేజీలు పేజీలు రాసినవాళ్లం. మా ఇంట్లో బిందెలోకి వచ్చే నీళ్లు ఎక్కడివో ఒక్కరికీ తెలీదు. ఆమె ఎగతాళి చెయ్యలేదు. ఆకు గుచ్చుకుంటూనే చెప్పింది: “ఈ నీళ్లూ, గుహలో నీళ్లూ, అంతా గోస్తనీయే. కిందకెల్లి మీ పట్నానికే ఎల్తాయంట. మావోడు సెప్పేడు. వోడు సీతమ్మధారలో తాపీ పని సేత్తాడు.”

కాసేపు ఆగి, “నీల్లు బాగానే వత్తన్నాయా మీకు?” అని అడిగింది, మా ఇంట్లో మనిషి క్షేమం కనుక్కున్నట్టు. వస్తున్నాయి మామ్మా అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

మనవణ్ణి తోడిచ్చి పంపింది. ఏడెనిమిదేళ్ల పిల్లాడు, చెప్పులు లేవు, మాకంటే రెండింతలు వేగం. వాడికి ఇరవై రూపాయలు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బిస్కెట్ ప్యాకెట్ మాత్రం తీసుకున్నాడు, విప్పకుండా ఇంటికి పట్టుకెళ్లాడు.

జలపాతం

ముందు చప్పుడు, తర్వాత తుంపర, ఆ తర్వాత గానీ జలపాతం కనబడదు. చెట్ల మధ్య మలుపు తిరగ్గానే నల్లటి రాతి గోడ, దాని మీద నుంచి తెల్లగా విరిగి పడుతున్న నీళ్లు. ఎండ ఒక వైపు నుంచే పడుతోంది. అటు వైపు నీళ్లు వెలుగుతున్నాయి, ఇటు వైపు నీడలో నల్లగా ఉన్నాయి. పక్కవాళ్లు చెవి దగ్గర అరిస్తే తప్ప మాట వినబడదు. వర్షాకాలం అయిపోయినా నీళ్లకి ఇంకా మంచి ఊపుంది. దగ్గరికి వెళ్లినకొద్దీ ముఖం మీద సన్నటి రవ్వలు. ఐదు నిమిషాల్లో జుట్టంతా తడిసిపోయింది.

మా సార్ గులకరాయి ఒకటి ఏరి చేతిలో పెట్టారు. అందులో ఎర్రటి చుక్కలు, గోమేదికం గింజలు, అదే గార్నెట్. ఖోండలైట్ రాయి. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఈ రాయికి కోందు గిరిజనుల పేరు మీదే ఆ పేరొచ్చింది. మన కైలాసగిరిదీ ఇదే రాయి. రోజూ కాలేజీ బస్సులోంచి చూసే కొండ, ఇక్కడ తడిసి, నాచు పట్టి, నీళ్లు మోస్తూ కనబడింది.

నేను మామ్మ అడిగిన ప్రశ్న ఆయన ముందు పెట్టాను. ఆయన రాయి మీద కూర్చుని, తడి ఇసుకలో పుల్లతో గీశారు. ఇది అనంతగిరి కొండలు. ఇక్కడ బొర్రా. ఇలా కిందకి దిగితే తాటిపూడి జలాశయం, గోస్తనీ మీద 1960లలో కట్టింది, విశాఖ నగరానికి తాగునీరు అక్కడి నుంచి కూడా వెళ్తుంది. మేఘాద్రి గెడ్డ, రైవాడ, ముడసర్లోవ లాంటివి వేరే ఉన్నాయి. తాటిపూడి దాటిన నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గీసిన గీత మీదకి తుంపర పడి చెరిగిపోతుంటే మళ్లీ గీశారు. “దిగేటప్పుడు ఘాట్ రోడ్డులోనే కదా వస్తాం, చూసుకుంటూ వెళ్దాం సార్” అన్నాను. ఆయన మేడం వైపు చూశారు. మేడం ముందు బస్సు డ్రైవర్ని అడగాలి అన్నారు.

స్నానానికి దిగినవాళ్లలో ఒకడు నాచు మీద జారాడు. దెబ్బ తగల్లేదు కానీ జేబులో ఫోను నీళ్లలో పడింది. ముగ్గురు కలిసి అరగంట వెతికారు, దొరికింది, మళ్లీ వెలగలేదు. అందరికీ టెన్షన్ వచ్చింది ఫోను గురించి కాదు, వాడు ఇంకో అడుగు అటు జరిగి ఉంటే ఏమయ్యేదో అని. ఆ తర్వాత ఎవర్నీ మోకాలి లోతు దాటనివ్వలేదు మేడం. వెళ్లేవాళ్లకి నేను చెప్పేదీ అదే. ఆ రాళ్లు పొడిగా కనబడినా జారతాయి.

నాకు బాధ కలిగించింది ఇంకోటి. మడుగు అంచున రాళ్ల సందుల్లో చిప్స్ కవర్లు, పగిలిన సీసాలు, రేకు ప్లేట్లు. నిన్నటి దాకా అయితే చూసి ముఖం తిప్పుకునేదాన్నేమో. ఆ రోజు చేతనైనంత ఏరాం. రెండు గోనెసంచులు నిండాయి. సంచులు ఇచ్చింది బొంగులో చికెన్ అమ్మే అక్క.

ఆ అక్క దగ్గరే భోజనం. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద పెడుతుంది. చుక్క నూనె ఉండదు. వెదురులో ఉన్న తడితోనే ముక్క ఉడుకుతుంది. బొంగు పైన నల్లబడి, మూతి నుంచి ఆవిరి బుసబుసమని వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. దాదాపు ముప్పావుగంట పట్టింది. ఆకలికి ఒకడు ఇంకెంతసేపని అడిగితే, “తొందరైతే పట్నంలో బిర్యానీ తినాల” అంది. ఒక్కో బొంగు 400 రూపాయలు, నలుగురికి సరిపోయింది. విస్తట్లో దులిపినప్పుడు వచ్చిన వాసన ఇప్పటికీ గుర్తొస్తోంది, పచ్చి కలప, మిరియాలు, పొగ. ఆ విస్తరి కూడా అడ్డాకుదే. తిప్పి చూశాను. వెదురు పుల్లతో కుట్టింది.

గుహల్లో

మధ్యాహ్నం బొర్రా గుహలు. అందరూ రాసేవే కాబట్టి పొడుగ్గా రాయను. పైనుంచి వేలాడే సున్నపురాయి స్తంభాలు, కింద నుంచి లేచేవి, వాటి మీద రంగు దీపాలు. మట్టిలోంచి ఇంకే వాన నీళ్లు కాస్త ఆమ్లం అయి సున్నపురాయిని కరిగిస్తాయి, గుహ కప్పు నుంచి చుక్కగా జారేటప్పుడు ఆ సున్నాన్ని కొంచెం కొంచెంగా వదిలేస్తాయి. మేం రికార్డులో బొమ్మ వేసిన పాఠం. కానీ ఒక స్తంభం కొనకి చుక్క నిండుగా వేలాడుతూ, పడకుండా, దీపం వెలుగులో వణుకుతుంటే పది మందిమి మాట్లాడకుండా నిలబడ్డాం.

గైడు ఆవు కథ చెప్పాడు. గుహ పైన మేస్తున్న ఆవు కప్పులో ఉన్న రంధ్రంలోంచి లోపల పడింది, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి శివలింగం కనబడింది. ఆవు పొదుగు నుంచి వచ్చిన నది కాబట్టి గోస్తనీ. ఈ కథ నాలుగో తరగతిలోనే విన్నాను. ఈసారి మాత్రం గుహ అడుగున చీకట్లో పారుతున్న నీళ్ల చప్పుడు వింటూ విన్నాను.

రాత్రి అరకు. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్లు ఉంటాయన్నారు, రాలేదు. దుప్పట్లు ఇద్దరికొకటి. ఐదుగురం ఒకే మంచం మీద ముడుచుకుని, ఫోను పాడైనవాడి కోసం ఎవరెవరు ఎంత వేసుకోగలరో లెక్కలు వేసుకున్నాం.

రెండో రోజు: అరకు, చాపరాయి

తెల్లారేసరికి లోయంతా మంచుతో నిండి, కొండల తలలే బయటికి ఉన్నాయి. రోడ్డు పక్క వలిసె పొలాలు పసుపు పచ్చగా పూశాయి. పొలంలో దిగి ఫొటో తీసుకుంటే మనిషికి ఇరవై రూపాయలు. కొందరు గొణిగారు. నాకైతే న్యాయంగానే అనిపించింది. ఆ పూలు మన ఫొటోల కోసం పూసినవి కావు, రేపు గింజలై నూనె కావలసినవి. అప్పటికే గట్టు పొడుగునా మొక్కలు తొక్కి పడేసి ఉన్నాయి.

గిరిజన మ్యూజియం చూశాం. బయట థింసా ఆడే బృందం ఉంది. డప్పు, తుడుము మొదలయ్యాయి, ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలిపి గొలుసులా నిలబడ్డారు. మమ్మల్నీ కలుపుకున్నారు. చూడ్డానికి తేలికే. కాలు ముందుకా వెనక్కా అని ఆలోచించేలోపు వరస వంగిపోతుంది. నా చెయ్యి జారింది. పక్కనున్న అప్ప నా మణికట్టు గట్టిగా పట్టుకుని తన నడుం వెనక పెట్టుకుని, “సెయ్యి ఒదిలితే వరస తెగిపోద్ది” అంది. పది నిమిషాలకి అడుగు కుదిరింది. పిక్కలు మర్నాటి దాకా నొప్పులే.

డుంబ్రిగూడ దగ్గర చాపరాయి. పేరులోనే ఉంది, చాప పరిచినట్టు వెడల్పాటి రాయి, దాని మీద నుంచి పల్చగా జారే నీళ్లు. కటికి చూసొచ్చిన కళ్లకి ఇది పిల్లల ఆటలా ఉంది. పిల్లలకి నిజంగా అంత బాగుంటుంది కూడా. వేడి వేడి మొక్కజొన్న పొత్తు 30 రూపాయలు, నిమ్మకాయ, ఉప్పూకారం రుద్ది ఇచ్చారు.

మూడో రోజు: నీళ్లతో పాటు కిందకి

బస్సు డ్రైవరు మొదట ఒప్పుకోలేదు. తాటిపూడి, అక్కడి నుంచి పద్మనాభం మీదుగా భీమిలి అంటే డీజిల్ ఎంతవుతుందో తెలుసా అన్నాడు. తలకి యాభై వేసుకుంటాం అన్నాం, సార్, మేడంతో కలిపి 1,200 అయింది. డబ్బు లెక్కపెట్టుకుని, ఇంతకీ అక్కడేముంది అని అడిగాడు. మా ఇంటి నీళ్లు అన్నాను. ఆయన నా ముఖం ఒకసారి చూసి బండి స్టార్ట్ చేశాడు.

గాలికొండ దగ్గర ఆగాం, అనంతగిరిలో కాఫీ తాగాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగ. కాయలు కోస్తున్న ఆవిడ ఎర్రవే ఏరుతోంది, పచ్చివి ముట్టుకోవడం లేదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆవిడ వేళ్లు చూస్తే అది ఎందుకొచ్చిందో అర్థమైంది.

తాటిపూడి చేరేసరికి ఎండ మండుతోంది. కొండల మధ్య విశాలంగా, కదలకుండా పడుకున్న నీళ్లు. కటికి దగ్గర చెవులు దిబ్బళ్లు వేసేలా అరిచిన నీళ్లేనా ఇవి? గట్టు మీద గాలి తప్ప చప్పుడే లేదు. ఒక తాత గేదెల్ని కడుగుతున్నాడు. విశాఖ నుంచి వచ్చామని చెబితే, “మా పొలాలకీ ఇవే, మీకూ ఇవే” అన్నాడు. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఎవరికి ముందు అని అడగాలనిపించింది. అడగలేకపోయాను.

దారిలో పద్మనాభం. 1794లో విజయనగరం రాజు చిన్న విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి చనిపోయిన చోటు. పది నిమిషాలే ఆగాం.

భీమిలి చేరేసరికి పొద్దు వాలుతోంది. నది అక్కడ వెడల్పై, ఇసుక తిన్నెని ఒరుసుకుంటూ, అలలకి ఎదురెళ్లి కలిసిపోతుంది. ఎక్కడ దాకా నదో, ఎక్కడ్నుంచి సముద్రమో వేలు పెట్టి చూపించలేం. వల బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గర కూర్చున్నాం. వరదలప్పుడు ఇక్కడి నీళ్లు ఎర్రగా మారతాయని చెప్పాడు. “కొండ మట్టంతా మాకే వత్తాది” అన్నాడు. నా బూట్లకి ఉన్న మట్టి చూపించాను. “ఆ, ఇదే రంగు” అన్నాడు.

బీచ్ రోడ్డులో ముంత మసాలా తిని, రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాను.

మర్నాడు ఆరింటికి కుళాయి వచ్చింది. ఎప్పుడూ అమ్మే పట్టేది. నేను లేచి వెళ్లి బిందె పెట్టాను. ఇవి ఎక్కడి నుంచి వస్తాయో తెలుసా అమ్మా అని మొదలుపెట్టి, మామ్మ సంగతి, ఆమె కొడుకు సీతమ్మధారలో తాపీ పని చేయడం, మామ్మ అడిగిన మాట, అన్నీ చెప్పాను. అమ్మ వింటూ రెండో బిందె జరిపింది. “ఆవిడకి మన నీళ్ల గురించి బెంగా?” అంది. కాసేపటికి, “మళ్లీ వెళ్తే నా పాత శాలువా ఒకటి తీసుకెళ్లు. అక్కడ చలన్నావు కదా” అంది.

సంక్రాంతి సెలవుల్లో వెళ్దామని ఆ ఆరుగురం అనుకున్నాం. చింతచెట్టు దగ్గర ఈసారి ఎడమ వైపుకే తిరుగుతాం.